పై దవడలోని గాలి గది



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కుడివైపు పై దవడలో రెండు దవడపండ్లు ఊడి ఎనిమిదేండ్లయినది. నాటినుండి వేరుసెనగపప్పు మానితిని. జొన్నరొట్టెను పాలలో నానవేసి మింగుచుంటిని. పన్ను పోయిన దుఃఖము గొప్ప దుఃఖమని ఎవ్వరును ఒప్పుకొనరు గాని, విందుభోజనపు బంతిలో కూర్చుండి గారె విఱుగక పొరుగువాని ముఖము చూచినవానికి అది తెలియును.

మా అబ్బాయి హైదరాబాదులో ఫిలింనగరున కాపురమున్నాడు. సినిమాలకు శబ్దము కూర్చుట వాని వృత్తి. వాని యింటికి పోయినప్పుడు సాయంకాలము జూబిలీ హిల్సు వైపు నడచుట నాకలవాటు. ఒకప్పుడు ఆ ప్రదేశమంతయు ఏనుగుల మందలవలె నిలిచిన రాతిగుండ్లును, ముండ్ల పొదలును. 1960 దశకమున చల్లగళ్ల నరసింహముగారి పూనికతో గృహనిర్మాణ సహకార సంఘ మేర్పడి ఆ రాళ్ల నడుమ ఇండ్లు లేచినవి. మద్రాసులో నుండిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు తరలివచ్చినది. 1976లో ఆ ప్రక్కనే బంజారా హిల్సులో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పిరి. ఫిలింనగరున రామానాయుడు స్టూడియో వెలసినది. 1988లో అపోలో ఆసుపత్రి వచ్చినది. నేడు ఒక్క వీధిలో నడచుచు దంతవైద్యశాలల పలకలు ఏడు లెక్కించితిని. ఇందులో వింతలేదు. ముఖమును వెండితెరపై ఏనుగంత చేసి చూపు వృత్తిలో పన్ను పెట్టుబడి వంటిది. వారికొఱకు వచ్చిన వైద్యము వారి పొరుగువారికిని, పొరుగువారి తండ్రులకును అందినది.

అట్టి వైద్యశాల యొకదానికి అబ్బాయి నన్ను తీసికొనిపోయెను. దాని పేరు చెప్పను. చిన్నవయస్సు డాక్టరమ్మ ఛాయాచిత్రము తీసి చూచి, "అంకుల్, ఇక్కడ ఎముక లేదండి. సైనస్ లిఫ్ట్ చేసి బోన్ గ్రాఫ్ట్ పెట్టాలి" అనినది. (ఆ కొండమీద మగవారందఱును అంకుళ్లే.) ఆమె మాట నెమ్మదిగనే యున్నది. కాని వెంటనే మఱొకతె కాగితము తెచ్చి సంతకమునకు వ్రేలు చూపినది. "అమ్మా, లోపల పెట్టునది ఏమి ఎముక? ఎవరి ఎముక?" అని అడిగితిని. "ఫారిన్ నుంచి వస్తుందండి, మంచి కంపెనీదే" అని జవాబు. నేను సంతకము చేయక లేచి వచ్చితిని. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు చదివిన చరిత్రను మీకు నేడు మనవి చేయుచున్నాను.

ముందుగా ఆ గదిని గూర్చి. మన పై దవడకు ఇరువైపుల, చెంపల లోపల, కన్నుకు క్రిందుగా, ముక్కునకు ప్రక్కగా ఒక్కొక్క బోలు గది కలదు. దానిని సైనసు అందురు. పెద్దవానిలో అందు పట్టు నీరు సుమారు 15 మిల్లీలీటర్లు, అనగా మూడు చిన్న చెంచాల మందు. అందులో గాలి తప్ప మఱేమియు లేదు. జలుబు చేసినప్పుడు బరువెక్కి నొప్పిపెట్టునది ఆ గదియే. మన యిండ్లలో వంటింటిపై అటక యున్నట్లు దవడపండ్ల వేళ్లపై ఈ గది యున్నది. అటక పలక యెంత మందమో, పంటికిని గదికిని నడుమ ఎముక అంత.

ఈ గదిని లియొనార్డో డా విన్సీ పదునైదవ శతాబ్దమునందే చిత్రించెను గాని, ఆ చిత్రములు చిరకాలము లోకమునకు తెలియకుండెను. దీనిని వైద్యలోకమున ప్రసిద్ధి చేసినవాడు నెథేనియల్ హైమోరు అను ఆంగ్లేయ వైద్యుడు. 1651లో అతడు ప్రకటించిన శరీరశాస్త్ర గ్రంథమున ఒక స్త్రీ కథ కలదు. ఆమెకు పంటి బాధ యుండి పండ్లు ఒకటొకటిగ తీయించుకొనినది. చివరకు పైకోరపన్ను తీసినప్పుడు ఎముకతో కూడ ఊడి, ఆ రంధ్రమునుండి నీరు కారసాగెను. ఆమె వెండి సూది నొకదానిని ఆ రంధ్రమున దూర్చి చూచుకొనగా అది కంటి వఱకు పోయినట్లు తోచినది. ఇంకను తెలిసికొనగోరి, పక్షి యీక కాడను ఒలిచి లోపలికి త్రోయగా అది పోవుచునే యున్నది. తన మెదడునకే తగిలినదని భయపడి ఆమె హైమోరు నొద్దకు పరుగెత్తినది. కాడ లోపల చుట్టుకొనినది గాని పైకి పోలేదని అతడామెకు నచ్చజెప్పెను. నేటికిని ఆ గదికి అతని పేరు వాడుట కలదు. మూడు వందల డెబ్బది యేండ్ల క్రిందటి ఆ స్త్రీ భయము నాకు మిక్కిలి దగ్గఱిదిగ తోచినది. నేనును రాత్రులు నాలుకతో ఆ గుంటను తడవి చూచుకొన్నవాడనే.

అదే శతాబ్దమున జర్మనీలోని విట్టెన్‌బర్గునందు ష్నైడరు అను ఆచార్యు డుండెను. జలుబున కారు నీరు మెదడునుండి దిగుచున్నదని పూర్వులు వేయి సంవత్సరములకు పైగా నమ్మిరి. అది లోపల గోడలకు అంటిన పలుచని పొరనుండి పుట్టుచున్నదే గాని మెదడునుండి కాదని ష్నైడరు చూపెను. గాలి గది లోపల అంటియున్న పొరకు అతని పేరే పెట్టిరి. ఈ పొరను గుర్తుంచుకొనుడు. ఇకముందు కథయంతయు దానిమీదనే నడచును. అది సాధారణముగ ఒక మిల్లీమీటరు మందమైనను ఉండదు. కోడిగుడ్డు పెంకు క్రింద నుండు పొర వంటిది. ఈ శస్త్రమును నేర్చుకొను యువవైద్యులు నిజముగనే కోడిగుడ్లు తెచ్చి, పెంకు తొలచి, పొర చిరుగకుండ తీయుట అభ్యాసము చేయుదురు.

గదికి తలుపు తెఱచిన వారు వేరు. 1893లో న్యూయార్కున కాల్డ్‌వెల్ అను వైద్యుడును, 1897లో పారిసున లూక్ అను వైద్యుడును, ఒకరి సంగతి ఒకరెఱుగకయే ఒకే మార్గమును కనుగొనిరి. పై పెదవి ఎత్తి, పండ్లకు పైనుండు ఎముక గోడకు కిటికీ తెఱచి, గదిలోని చీము కడుగుట వారి పద్ధతి. వారికి పండ్లతో పనిలేదు. కాని ఆ కిటికీయే ఎనుబదియేండ్లకు పండ్ల పనికి వచ్చినది.

ఇంతలో మఱొక దేశమున మఱొక కథ. 1952లో స్వీడను దేశమున బ్రోనెమార్కు అను పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణము చూచుటకై టైటానియమను లోహముతో చేసిన చిన్న గొట్టమును అమర్చెను. పని ముగిసి దానిని తీయబోగా రాలేదు. ఎముక దానిని తనదిగా పట్టుకొనినది. పరిశోధకునికి సామాను నష్టము, లోకమునకు లాభము. 1965లో గోటెబోర్గు నగరమున గోస్టా లార్సన్ అను పండ్లులేని మనుష్యుని క్రింది దవడలో టైటానియపు మరలను నాటి, వానిమీద పండ్లు నిలిపెను. లార్సన్ 2006లో మరణించువఱకు ఆ మరలతోనే నమలెను. ఈ మరనే ఇంప్లాంటు అందురు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సభతో ఈ పద్ధతి లోకమంతట ఒప్పుకొనబడినది.

క్రింది దవడ ముందుభాగము గట్టి నేల. పై దవడ వెనుకభాగము అట్టిది కాదు. అచట ఎముక మెత్తన. పన్ను ఊడినపిమ్మట అది రెండు దిక్కుల తఱుగును: క్రిందనుండి అరుగును; పైనుండి గాలి గది దిగివచ్చును. చెరువుగట్టును ఇటు నీరును అటు పశువులును కొఱికినట్లు నడుమ సన్నని మట్టి మిగులును. ఆ కాలపు ఇంప్లాంటునకు 10 మిల్లీమీటర్ల ఎముక కావలెననిరి. ఊడి చాలకాలమైన చోట నాలుగో అయిదో మిగులును, ఒక్కొక్కరికి ఒకటి రెండే. మర గదిలోనికి పొడుచుకొని పోవును. నాకు జరిగిన ఆలస్య మిదియే. పన్ను ఊడిన నాడు దానిని గూర్చి ఎవరును చెప్పలేదు, నేనును అడుగలేదు. ఎనిమిదేండ్లు ఎముక తన దారిని తాను పోయినది.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలో అలబామా రాష్ట్రమునకు చెందిన హిల్ట్ టేటమ్ అను దంతవైద్యుడు. మొదట అతడు ప్రక్కటెముక తెచ్చి దవడ క్రింది అంచున అతికించి చూచెను. దానివలన నోటిలో చోటు తగ్గెను. అప్పుడు, క్రిందికి పెంచుట మాని పైకి పెంచిన నేమి యని తోచినది. కాల్డ్‌వెల్ కిటికీ వంటిది ప్రక్కనుండి తెఱచి, లోపలి పొరను చిరుగకుండ ఎముకనుండి విడదీసి పైకి ఎత్తి, ఆ క్రింద ఏర్పడిన చోటున ఎముకను నింపెను. అనగా అటక పలకను పైకి జరిపి క్రింద గోడ పెంచుట. 1970 దశకపు నడుమ అతడీ పనిచేసి, 1976లో బర్మింగుహాము అను అలబామా నగరమున తోటివారికి చెప్పెను. అచ్చులో ముందుగా ప్రకటించినవారు బాయిన్, జేమ్స్ అనువారు, 1980లో. వారు రోగి తుంటి ఎముకనుండి మజ్జతో కూడిన ఎముకను తీసి వాడిరి. టేటమ్ వ్యాసము 1986లో వెలువడినది. పది యేండ్ల పిమ్మట, 1996లో, అమెరికా శస్త్రవైద్యులు కూడి తమ లెక్కలను ఒకచోట చేర్చిరి: వేయికి పైగా శస్త్రములు, సుమారు మూడు వేల ఇంప్లాంట్లు, మూడేండ్లకు పైగా చూడగా నూటికి 90 నిలిచినవి.

ఇది మంచి లెక్కయే. కాని కిటికీ మార్గము చిన్న పని కాదు. ముఖము వాచును. పొర చిరుగుట ఇందు అన్నిటికంటె తఱచైన ప్రమాదము. ఇంచుమించు అయిదింట ఒకచోట జరుగునని వ్రాసిరి. చిన్న చిరుగైన అతుకు వేయుదురు. పెద్దదైన పని ఆపి కొన్ని నెలలు ఆగుదురు. నింపిన ఎముక గట్టిపడుటకు ఆఱు నుండి తొమ్మిది నెలలు పట్టును. ఎముక మఱీ తక్కువగ నున్నవారికి ఆ తరువాతనే మర. 2001 ప్రాంతమున ఇటలీనుండి వచ్చిన కంపన యంత్రము ఎముకను కోయును గాని మెత్తని పొరను సులభముగ కోయదు గనుక చిరుగులు తగ్గునని పలువురి అనుభవము.

ఇక నా ప్రశ్నకు వత్తును. నింపునది ఏ ఎముక?

నాలుగు విధములున్నవి. మొదటిది తన ఎముకయే: తుంటినుండియో, గడ్డమునుండియో, దవడ వెనుకనుండియో తీసినది. ఇది జీవమున్నది, కాని రెండవచోట గాయము. రెండవది మరణించిన దాతలనుండి తీసి శుద్ధిచేసినది. మూడవది పశువులది. లోకమున విశేషముగ వాడుకలో నున్న పొడులలో ఒకటి స్విట్జర్లాండున తయారగును. అది ఆవు ఎముక. అందలి మాంసకృత్తులన్నియు తీసివేసి ఖనిజమును మాత్రము మిగుల్చుదురు. కిటికీపై కప్పు పలుచని పట్టీలు పెక్కు పందినుండి చేసినవి. నాలుగవది కర్మాగారమున చేసిన సున్నపు భాస్వరపు పొడి. ఏ ప్రాణినుండియు కాదు.

అయ్యలారా, నేను ఎవరి ఆచారమును తప్పుపట్టను, ఎవరికిని ఆచారము బోధింపను. ప్రాణము నిలుపు మందైనచో ఏది పుచ్చుకొనవచ్చునో పెద్దలు పూర్వమే చెప్పియున్నారు. కాని ఇది ప్రాణము మీదికి వచ్చినది కాదు, జొన్నరొట్టె నమలుటకు. ఇట్టి చోట హిందువునకు ఆవు సంగతియు, ముస్లిమునకు పంది సంగతియు, జైనునకు రెండు సంగతులును ముందు చెప్పి, పిమ్మట సంతకము అడుగుట ధర్మము. ఇంప్లాంటు నిలుచుటలో ఈ పొడుల నడుమ పెద్ద భేదము ఇంతవఱకు కనబడలేదని పరిశీలకులు వ్రాయుచున్నారు. కావున, "నాకు కర్మాగారపు పొడి చాలు" అనిన రోగికి వైద్యుడు కోపింప నక్కఱలేదు. అడుగుటకు ఇంగ్లీషు రానక్కఱలేదు. "ఇది దేనినుండి చేసినది, డబ్బా చూపండి" అనిన చాలును.

ఈ సున్నము, భాస్వరము అనునప్పుడు మనవాడొకడు జ్ఞాపకమునకు వచ్చును. 1895లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఎముకకు బలము నిచ్చు ఖనిజము సున్నమును భాస్వరమును కలిసినదే. పిమ్మట ఆయన నడపిన పరిశోధనశాలనుండియే 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. ఆ జాతి మందు క్రొత్తగా పెరుగు ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుగ వెలుగునని తరువాత తెలిసినది. నింపిన చోట క్రొత్త ఎముక ఎప్పుడు పెరిగినదో పరిశోధకులు ఆ వెలుగు గీతలనుబట్టి చదువుదురు. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి. తన మందు ఈ పనికి వచ్చునని ఆయన ఎఱుగరు.

టేటమ్ పిమ్మటి చరిత్ర యంతయు పనిని చిన్నది చేసిన చరిత్ర. 1994లో సమ్మర్స్ అను అమెరికా వైద్యుడు ప్రక్క కిటికీ మానివేసెను. మర నాటు రంధ్రమునుండియే, గుండ్రని మొన గల ఉలివంటి పనిముట్టును సుత్తితో మెల్లగ తట్టి, అటక పలకను రెండు మూడు మిల్లీమీటర్లు పైకి నెట్టెను. అయిదారు మిల్లీమీటర్ల ఎముక మిగిలినవారికి ఇది చాలును. మర ఆ పూటనే నాటవచ్చును. 2004లో స్వీడను వైద్యుడు లుండ్‌గ్రెన్, ఆయన తోటివారు, పొర నెత్తి మర నాటి ఏ పొడియు వేయక విడిచిరి. పొర గుడారమువలె నిలిచి, క్రింద చేరిన రక్తపు గడ్డ తానే ఎముకగ మాఱినది! ఆఱు మిల్లీమీటర్ల పొట్టి మరలే తగినచోట నిలుచుచున్నవని ఇటీవల పెక్కు పరిశీలనలు చెప్పుచున్నవి. ఎముక బొత్తిగా లేనివారికి చెంప ఎముకలో నాటు పొడవైన మర యున్నది. అది గొప్ప శస్త్రము, చేయి తిరిగినవారు చేయవలసినది. ఇవేవియు వద్దనువారికి కట్టుడు పండ్లు ఉండనే యున్నవి.

పొగాకు సంగతి చెప్పక విడువరాదు. పొగ త్రాగువానికి నింపిన ఎముక సరిగ అతుకదు. మరయు ఊడు భయమెక్కువ. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల స్త్రీలు నిప్పు కొన లోపలికి పెట్టుకొని త్రాగు అడ్డపొగ వలన పై అంగిలి మాడి, పుండ్లును కొందఱికి క్యాన్సరును కలుగుట వైద్యులు ఏనాడో వ్రాసియుంచిరి. అట్టి అవ్వ నోటికి ముందు కావలసినది అంగిలి పరీక్ష. మధుమేహము అదుపున లేనివారు, ఎముక బలమునకు మందులు వాడువారు, రక్తము పలుచబఱచు మాత్రలు మ్రింగువారు ఆ సంగతి మొదటనే చెప్పవలెను.

నేను చివరకు పాతబస్తీ వైపు నుండు ఒక వృద్ధ వైద్యునొద్దకు పోయితిని. 1959లో అఫ్జల్‌గంజ్ వద్ద ఆరంభమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చదివినవారు. స్కాను చూచి, "మాస్టారూ, ముందు పంటి చోట ఆరు మిల్లీమీటర్లు ఉంది. వెనక చోట మూడే. ముందుదానికి సుత్తి పద్ధతి చాలు, పొడి కూడా అక్కరలేదు. వెనకదానికి కిటికీ తెరవాలి. మీరు రెండో పన్ను లేకుండా నమలగలరా, చెప్పండి" అనిరి. నమలగలననితిని. "అయితే కిటికీ ఎందుకండీ?" అనిరి. కొండమీద చెప్పిన పని తప్పని ఆయన అనలేదు. రెండు పండ్లు కావలెననువానికి అదే మార్గ మనిరి. నాకు ఒకటి చాలునో రెండు కావలెనో అచట ఎవరును అడుగలేదు, అంతే.

దవడ మొద్దుబాఱుటకు సూదిమందు వేసిరి. నొప్పి లేదు గాని సుత్తి తట్టినప్పుడెల్ల తలలో రోకటి పోటు వినబడెను. ఇరువది తట్లు లెక్కించి మానితిని. తరువాత కొన్ని వారములు ముక్కు చీదరాదు, తుమ్ము వచ్చిన నోరు తెఱచి తుమ్మవలెను, ఊపిరి బిగపట్టు ప్రాణాయామము కూడదు అనిరి. గదిలో గాలి ఒత్తిడి పెరిగి పొర కదలునట. శంఖము ఊదవచ్చునా అని అడిగితిని. ఆయన నవ్వి, మీ ఊరిలో మఱొకరు లేరా యనిరి. ఆ కార్తికమున మా శివాలయమునందు శంఖము నా మనుమడు ఊదినాడు. శ్రుతి కుదరలేదు గాని పని జరిగినది.

అయిదు నెలలకు పన్ను అమర్చిరి. జొన్నరొట్టె ఇప్పుడు పాలు లేకయే తినుచున్నాను. ఎడమవైపున పై దవడపన్ను ఒకటి కొంచెము కదలుచున్నది. ఊడువఱకు ఆగక, వచ్చే వారము దానిని చూపించుటకు ఆయనయొద్దకు పోవలసియున్నది.